వాటర్‌షెడ్ వాలంటీర్లకు శిక్షణ: ఊళ్లలో తరచుగా అడిగే ప్రశ్నలు

గుట్ట మీద కందకాలు, వంకల్లో రాతికట్టలు చూసుకుంటూ, ఊర్లో వాన, బోర్ల నీటిమట్టం కొలిచి రాసే ఊరివాళ్లే వాటర్‌షెడ్ వాలంటీర్లు. ఇది ముఖ్యంగా రాయలసీమ మెట్ట ఊళ్లను, అందులోనూ అనంతపురం వైపు రాతినేలలను దృష్టిలో పెట్టుకుని రాసింది. తెలంగాణలో మహబూబ్‌నగర్, నల్గొండ వైపు వాళ్లకీ చాలావరకు పనికొస్తుంది. కోనసీమ వాళ్లకు పెద్దగా అవసరం ఉండదు, వాళ్ల కష్టాలు వేరే.

వాటర్‌షెడ్ అంటే మా ఊరి చెరువేనా?

చెరువు అందులో ఒక ముక్క. వాన పడితే ఏ గుట్ట మీంచి, ఎవరెవరి చేల మీదుగా జారి నీళ్లు మీ వంకలో కలుస్తాయో ఆ నేలంతా కలిపి మీ వాటర్‌షెడ్. గుట్ట నెత్తిన గీత గీస్తే ఇటు పడిన చినుకు మీది, అటు పడింది పక్క ఊరిది. ఈ గీతకూ రెవెన్యూ హద్దులకూ సంబంధం ఉండదు, సగం గొడవలు అక్కడే మొదలవుతాయి. కరువు ప్రాంతాల పథకాలను పరిశీలించిన హనుమంతరావు కమిటీ 1994లో ఇచ్చిన సిఫారసుల తర్వాత, 1995 నుంచి ప్రభుత్వ పథకాల్లో సుమారు 500 హెక్టార్లను, అంటే 1,200 ఎకరాల పైచిలుకును ఒక యూనిట్‌గా తీసుకున్నారు. 2008 మార్గదర్శకాల్లో అది 1,000 నుంచి 5,000 హెక్టార్లకు పెరిగింది. వాలంటీర్లకు నేర్పించడానికి మాత్రం చిన్నదే మేలు. ఒక పూటలో కాలినడకన చుట్టి రాగలిగినంత చాలు.

జీతం ఏమైనా ఉంటుందా?

ఉండదు. 2019లో ప్రభుత్వం పెట్టిన గ్రామ వాలంటీర్ల లాంటి వ్యవస్థ కాదు ఇది. శిక్షణ రోజుల్లో భోజనం, ఆటో ఖర్చు ఎవరో ఒకరు పెట్టుకోవాలి, కూలి పోగొట్టుకుని వచ్చేవాళ్లకు ఆ రోజు కూలి ఇవ్వడం న్యాయం కూడా. కానీ నెలనెలా డబ్బు అని ముందే ఆశ పెడితే డబ్బు ఆగిన నెలలోనే పని కూడా ఆగిపోతుంది.

ఎవరిని ఎంచుకోవాలి? చదువు ఉండాలా?

అంకెలు రాయడం వస్తే చాలు, అది కూడా అయిదారుగురిలో ఇద్దరికి వస్తే సరిపోతుంది. గొర్రెలు మేపే మనిషి ఒకరు తప్పకుండా ఉండాలి, ఎందుకంటే గుట్ట మీద ఏ వంక ఎక్కడ పుడుతుందో, ఏ బండ కింద ఎండాకాలంలో కూడా తేమ ఉంటుందో ఊర్లో అతనికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. చెరువు తూము తీసి మూసే నీరుగట్టి కుటుంబం నుంచి ఒకరు ఉంటే ఇంకా మంచిది. సర్పంచి కొడుకు, పార్టీ కార్యకర్త వస్తామంటే రానివ్వండి, అయితే లెక్కల పుస్తకం వాళ్ల చేతికివ్వకండి. అంకెల మీద పార్టీ ముద్ర పడిందంటే రెండో పార్టీ వాళ్లు వాటిని నమ్మరు, నిజమైనా సరే.

శిక్షణ ఎన్ని రోజులు? ఎప్పుడు పెట్టాలి?

ఒకేసారి పదిరోజులు కూర్చోబెట్టి పాఠం చెబితే ఎవరికీ ఏదీ గుర్తుండదు. మేం చెప్పేది సంక్రాంతి అయ్యాక మూడు రోజులు పొలంలో, ఆ తర్వాత వానాకాలం ముందు రెండు రోజులు, మొదటి పెద్ద వాన పడిన మర్నాడు ఒక రోజు. అన్నిటికన్నా విలువైనది ఆ చివరి రోజే. కట్టిందేది నిలిచింది, ఏది కొట్టుకుపోయింది, నీళ్లు ఎటు మళ్లాయి అన్నది ఆ రోజు నేలే చూపిస్తుంది, బోర్డు మీద బొమ్మలతో పనిలేదు. మాకు పెద్ద వానలు ఎక్కువగా సెప్టెంబరు, అక్టోబరుల్లో పడతాయి కాబట్టి మట్టిపని ఏదైనా మే నెలాఖరుకు ముగించుకోవాలి. వేరుశనగ విత్తే సమయంలో పిలిస్తే ఎవరూ రారు, రాకపోవడం తప్పు కూడా కాదు.

మొదటి రోజు ఏం చేయిస్తారు?

నడిపిస్తాం. పొద్దున్నే గుట్ట పైకి ఎక్కి అక్కడ్నుంచి వంక వెంబడి కిందికి, చెరువు మరవ (నిండాక నీళ్లు పొర్లిపోయే అలుగు) దాకా. దారిలో ఎక్కడ మట్టి కోసుకుపోయింది, ఎక్కడ పాత రాతికట్ట ఉంది, ఎక్కడ ఎవరు వంకను పూడ్చి చేను కలుపుకున్నారు (ఈ చివరిది గట్టిగా అనకుండా రాసుకోవాలి). సాయంత్రం రచ్చబండ దగ్గర ముగ్గుపిండితో నేల మీద ఊరి పటం వేయిస్తాం. పటం వేసేటప్పుడు పెద్దవాళ్లు చుట్టూ చేరి "ఆ వంక అట్ల పోదురా, నిమ్మతోట వెనకనుంచి తిరుగుతుంది" అని సరిదిద్దుతారు చూడండి, ఆ ఒక్క గంటలో దొరికే సమాచారం ఏ ఆఫీసు పటంలోనూ దొరకదు.

ఏ-ఫ్రేమ్ అంటే ఏంటి? కొనాలా?

గుట్ట మీద ఒకే ఎత్తున్న చోట్లు గుర్తించే సాధనం అది. కొనొద్దు, చేసుకోండి. సమానంగా ఉన్న రెండు కర్రలు, వాటిని పైన కలిపి కట్టి, మధ్యలో అడ్డంగా మూడో కర్ర. పై ముడి నుంచి దారం వేలాడదీసి చివర ఒక రాయి కట్టాలి. ఇప్పుడు దాన్ని ఎక్కడైనా నిలబెట్టి, కాళ్లు ఆనిన చోట రెండు గుర్తులు పెట్టి, దారం అడ్డకర్రను ఎక్కడ తాకిందో గీత గీయండి. తర్వాత కాళ్లు తారుమారు చేసి అవే గుర్తుల మీద నిలబెట్టి ఇంకో గీత. ఆ రెండు గీతలకూ సరిగ్గా మధ్యన మూడో గీత గీస్తే అదే మట్టం. ఇక గుట్ట మీద ఒక కాలు స్థిరంగా ఉంచి రెండో కాలును పైకీ కిందికీ జరుపుతూ, దారం మధ్య గీత మీదికి వచ్చిన చోట మేకు కొట్టుకుంటూ పోతే గుట్ట చుట్టూ ఒకే ఎత్తులో వంపు తిరిగిన గీత వస్తుంది. కందకాలు ఆ గీత వెంబడే తవ్వాలి. మొదటిసారి చూసినవాళ్లంతా అనే మాట ఒకటే, "ఇది వంకరగా పోతోందే!" వంకరగానే పోవాలి. తాడు పట్టి తిన్నగా తవ్వారంటే నీళ్లన్నీ పల్లపు కొసకు చేరి అక్కడ తెంచుకుంటాయి. గాలి ఎక్కువున్న రోజు దారం ఊగుతుంది కాబట్టి ఈ పని పొద్దున తొమ్మిదిలోపు పెట్టుకోండి.

కందకాలంటే గుంతలే కదా, జేసీబీతో ఒక్కరోజులో అయిపోదా?

తవ్వడం అయిపోతుంది, నీళ్లు ఆగడం వేరే సంగతి. అర మీటరు వెడల్పు, అర మీటరు లోతు, మూడు మీటర్ల పొడవున్న కందకం ఒకసారి నిండితే 750 లీటర్లు ఆగుతాయి. వాన వాననూ నిండి ఇంకుతూ ఉంటేనే దాని ఫలం. దీనికి మూడు సంగతులు చూసుకోవాలి: కందకం అడుగు సమమట్టంగా ఉండాలి, తవ్విన మట్టి పల్లం వైపే వేయాలి, పై వరసలో ఖాళీ వదిలిన చోటికి ఎదురుగా కింది వరసలో కందకం రావాలి. జేసీబీ గుట్ట ఎక్కేటప్పుడు తొక్కిన దారే తర్వాత వానకు కొత్త వంక అవుతుంది, అందుకని ఏటవాలు ఎక్కువున్న చోట మాకు మనుషుల పనే ఇష్టం. మెత్తటి వాలులో, చేల దగ్గర యంత్రం పెట్టుకున్నా అభ్యంతరం లేదు.

మేం వంకకు అడ్డంగా కట్టిన రాతికట్ట మొదటి వానకే పోయింది. ఎందుకు?

చూడకుండా చెప్పాలంటే పందెం వేసి మరీ చెప్పొచ్చు: మధ్యలో పల్లం వదల్లేదు. రాతికట్ట పైభాగం రెండు గట్ల వైపు ఎత్తుగా, నడుమ తగ్గుగా ఉండాలి. లేకపోతే నీళ్లు కట్ట పక్క నుంచి గట్టును కోసుకుని కొత్తదారి పెట్టుకుంటాయి, కట్ట ఒంటరిగా మిగులుతుంది. ఇంకో కారణం, పెద్ద రాళ్లు లోపలా చిన్నవి పైనా పేర్చడం. చిన్నవి కడుపులో, పెద్దవి పైనా, కింది వైపు వాలు ఎక్కువ దూరం లాగి, రెండు కొసలూ గట్టులోకి చొప్పించి కట్టాలి. ఎత్తు మీటరు దాటొద్దు. ఒక కట్టకూ ఇంకోదానికీ ఎంత దూరం అంటే, కింది కట్ట తల పై కట్ట పాదం మట్టానికి రావాలి. ఈ ఒక్క సూత్రం నోటికి వస్తే వాలంటీరు టేపు లేకుండానే గుర్తులు పెట్టేస్తాడు. రాళ్లు ఎక్కడివి అనేది ముఖ్యం. వంకలో కదలకుండా కూర్చున్న బండల్ని పీకి తెచ్చి కట్ట కడితే ఒకచోట పూడ్చడానికి ఇంకోచోట తవ్వినట్టే.

ఇంత తిప్పలెందుకు, కింద ఒక పెద్ద చెక్‌డ్యామ్ కట్టించుకుంటే పోదా?

ఎమ్మెల్యే గారి శిలాఫలకానికి చెక్‌డ్యామ్ బాగుంటుంది, కందకం దగ్గర ఫొటో దిగినా ఎవరూ లైక్ కొట్టరు. కానీ పైన గుట్ట బోడిగా ఉంటే అక్కడి మట్టి మొత్తం వచ్చి నాలుగైదు వానలకే ఆ చెక్‌డ్యామ్‌ను పూడ్చేస్తుంది. అందుకే పైనుంచి కిందికి: ముందు గుట్ట, తర్వాత వంకల పుట్టుక, ఆ తర్వాత చేల గట్లు, చివరికి చెక్‌డ్యామ్, ఊటకుంట, చెరువు. ఇంకో సంగతి కూడా ఉంది, పై పనులతో గుట్ట మీది మేకలవాళ్లకు, మెట్ట చేలవాళ్లకు లాభం, చెక్‌డ్యామ్‌తో దాని పక్కన బోర్లున్న కొందరికే లాభం. ఏది ముందు కావాలంటారో ఎవరి చేను ఎక్కడుందో చూస్తే తెలిసిపోతుంది.

వాన కొలవడం వల్ల ఏమొస్తుంది? టీవీలో చెబుతారు కదా?

టీవీలో చెప్పేది మండల కేంద్రంలో పడ్డది. మన దగ్గర ఒక ఊర్లో కుండపోత, రెండు మైళ్ల అవతల దుమ్ము. ప్లాస్టిక్ వానమాని (రెయిన్ గేజ్) కొన్ని వందల రూపాయలకు వస్తుంది, చెట్ల కిందా గోడ పక్కనా కాకుండా ఆరుబయట పెట్టి, రోజూ పొద్దున 8:30కి చూసి రాయాలి. వాతావరణ శాఖ వాళ్లూ ఆ వేళకే చూస్తారు కాబట్టి పోల్చుకోవచ్చు. 2.5 మిల్లీమీటర్లు, ఆపైన పడితేనే వాళ్ల లెక్కలో అది వానరోజు. ఎకరం మీద ఒక మిల్లీమీటరు పడితే సుమారు 4,000 లీటర్లు. అనంతపురంలో సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్ల దాకా పడుతుంది, అంటే ఎకరాకు 22 లక్షల లీటర్లు. ఈ లెక్క పిల్లలతో బడి గోడ మీద రాయించండి, ఊర్లో మాటలు దాని చుట్టూ తిరగడం మొదలవుతాయి.

బోరులో నీటిమట్టం ఎలా కొలుస్తారు?

బావి అయితే టేపు చివర బరువు కట్టి దించడమే. బోరుకు, నీళ్లు తగలగానే బీప్‌మనే పరికరం ఉంటుంది. చిక్కంతా రెండు చోట్ల. ఒకటి, మోటారు దించి ఉన్న బోరులో తీగ కేబుల్‌కు చుట్టుకుంటుంది. కాబట్టి ఎండిపోకుండా ఉండి వాడకంలో లేని బోర్లు దొరికితే వాటినే పరిశీలన బోర్లుగా పెట్టుకోండి. లేదంటే ఈసారి మోటారు పైకి తీసినప్పుడు పక్కనే అంగుళం పైపు కూడా దించమని రైతును అడగండి, పెద్ద ఖర్చు కాదు. రెండోది, మోటారు నడుస్తుండగానో ఆపిన వెంటనేనో కొలిస్తే ఆ అంకె చెత్త. ఏపీలో సేద్యానికి పగలు తొమ్మిది గంటల కరెంటు కదా, ఆ కరెంటు రాకముందే వెళ్లాలి, అందులోనూ దాదాపు అందరికీ కరెంటు రాగానే మోటారును దానంతటదే నడిపించే ఆటో స్టార్టర్లు ఉంటాయి కాబట్టి ఇంకాస్త ముందే. శిక్షణలో మేం ఒక్కో వాలంటీరుతో ఇలా అడిగిస్తాం: "అన్నా, మోటారు ఎప్పుడు ఆగింది?" "రాత్రి కరెంటు లేదు మా." "పక్క చేనుది?" ఆ రెండో ప్రశ్న అడగడం అలవాటు కావడానికే టైం పడుతుంది, పక్క బోరు లాగుతుంటే ఇక్కడి మట్టం కూడా దిగి ఉంటుంది మరి.

పదిహేను రోజులకోసారి, అవే బోర్లు, అదే వేళ. నీటి ధార కొలవడానికి బక్కెట్టు, ఫోన్‌లో స్టాప్‌వాచ్ చాలు. 15 లీటర్ల బక్కెట్టు 5 సెకన్లలో నిండితే సెకనుకు 3 లీటర్లు. కేంద్ర ప్రభుత్వం 2022లో తెచ్చిన జల్‌దూత్ యాప్‌లో ఏడాదికి రెండుసార్లు, వానలకు ముందొకసారి, తర్వాత ఒకసారి బావుల మట్టం ఎక్కిస్తారు. అది దేశం లెక్కకు సరిపోతుంది, మీ ఊరి పంట నిర్ణయానికి చాలదు.

సరే, కొలిచాం. ఆ అంకెలతో ఏం చేయాలి?

అసలు సంగతి ఇదే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2000ల్లో ఏపీఫామ్స్ అనే ప్రాజెక్టు నడిచింది, పేరు చెప్పాలంటే రైతులే నిర్వహించే భూగర్భజల వ్యవస్థలు. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ మద్దతుతో అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ, ఈ ఏడు కరువు జిల్లాల్లో ఆరువందలకు పైగా ఊళ్లలో రైతులే వాన కొలిచారు, బోర్లు కొలిచారు. రబీ విత్తే ముందు ఊరంతా కూర్చుని, భూమిలో ఎన్ని నీళ్లున్నాయి, ఎవరు ఏ పంట అనుకుంటున్నారు, రెండింటికీ పొంతన ఉందా అని గోడ మీద లెక్క వేశారు. ఎవరినీ ఆపలేదు, జరిమానాలు లేవు. లెక్క చూసిన చాలామంది తమంతట తామే వరి తగ్గించుకున్నారు.

మీరూ ఆ లెక్క వేసి చూడండి. మన గ్రానైట్ నేలలో నీళ్లు ఉండేది రాతి పగుళ్లలో, కుళ్లిన రాతిపొరలో. ఎకరం విస్తీర్ణంలో నీటిమట్టం మీటరు దిగిందంటే మనం తోడింది మహా అయితే అరవై వేల లీటర్లు (ఈ రాతి పరిమాణంలో తోడితే వచ్చే నీళ్లు సాధారణంగా నూటికి ఒకటిన్నర పాలు అనుకుంటారు). ఎకరం వరికి 1,200 మిల్లీమీటర్లు అనుకున్నా 48 లక్షల లీటర్ల పైమాట, అంటే ఎనభై ఎకరాల కింద మీటరు మట్టం. మడిలోంచి కొంత తిరిగి ఇంకుతుంది, ఒప్పుకుంటాను, సగం తీసేసినా నలభై ఎకరాలు! వేరుశనగకు 500 మిల్లీమీటర్ల లోపు, కొర్రలకు ఇంకా తక్కువ. ఈ అంకె విన్నాక మీటింగులో కాసేపు ఎవరూ మాట్లాడరు, తర్వాత ఒకరు లేచి "అయితే ఫలానా వాడి మూడెకరాల వరి సంగతేంటి" అంటారు. అక్కడ వాలంటీరు చేయాల్సిందల్లా ఆ ఫలానా వాడి వైపు చూడకుండా మళ్లీ గోడ మీది లెక్క వైపు చూడడం.

వినకపోతే?

వినరు, మొదటి ఏడాది. పక్కవాడు ఆపకుండా నేనొక్కడినే ఎందుకు ఆపాలి అన్నది మామూలు ప్రశ్న, జవాబు కూడా కష్టమే. మహారాష్ట్రలో హివ్రే బజార్ ఊరు ఏటా నీళ్ల లెక్క చూసుకుని పంటలు నిర్ణయించుకుంటుంది, సేద్యానికి బోర్లు వేయకూడదని కట్టుబాటు పెట్టుకుంది. అంత గట్టి కట్టుబాటు మన ఊళ్లలో కుదురుతుందని నేను అనుకోను, కనీసం తాగునీటి బోరు చుట్టూ అయినా పట్టుబట్టండి. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం, అందరూ వాల్టా అంటారు, దాని ప్రకారం ప్రజల తాగునీటి బోరుకు 250 మీటర్ల లోపు కొత్త సేద్యపు బోరు వేయకూడదు, ఎక్కడ వేయాలన్నా ముందు అనుమతి తీసుకోవాలి. రెండు రాష్ట్రాల్లోనూ ఉంది ఆ చట్టం. రాత్రికి రాత్రి బోరు లారీ వచ్చినప్పుడు వాలంటీరు ఒక్కడే పోయి అడ్డుపడొద్దు, పంచాయతీ ద్వారా తహసీల్దారుకు రాతపూర్వకంగా ఇప్పించండి.

చెరువు పూడిక తీయడం వాలంటీర్ల పనేనా?

తీయడం కాదు, కాపలా. తెలంగాణలో 2015లో మొదలైన మిషన్ కాకతీయలో పూడికమట్టిని రైతులు సొంత ట్రాక్టర్లతో చేలకు తోలుకున్నారు, మట్టి నేలకు బలం, ఎరువు ఖర్చు తగ్గింది. ఇబ్బంది ఎక్కడొస్తుందంటే, పూడిక పేరుతో ఇటుక బట్టీలకు, రోడ్లకు మట్టి పోతుంది. కట్ట మొదట్లో తవ్వుతున్నారా, పాత అడుగు దాటి గుంతలు పెడుతున్నారా, ట్రాక్టర్లు ఎటు పోతున్నాయి, ఈ మూడూ చూసుకుంటే చాలు. చెరువులోకి నీళ్లు తెచ్చే వాగుకాలువ కంపతో మూసుకుపోయి ఉంటే పూడిక ఎంత తీసినా నీళ్లు రావు, ముందు అది చూడండి.

ఏ మొక్కలు నాటాలి?

గుట్ట మీద మొక్కలు నాటడం కన్నా ఉన్న మోళ్లను బతకనివ్వడం తేలిక. చెన్నేకొత్తపల్లి ప్రాంతంలో 1990 నుంచి పనిచేస్తున్న టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్లు కల్పవల్లిలో వేల ఎకరాల ఉమ్మడి బీడును చుట్టుపక్కల ఊళ్లవాళ్లతో కలిసి ఇలాగే తిరిగి పచ్చబరిచారు: కాపలా, నిప్పు పడకుండా చూసుకోవడం, విత్తనాలు చల్లడం. గింజలు వేయాలంటే సీతాఫలం, కానుగ, వేప, రేగు, తంగేడు. కందకం కట్ట మీద కిత్తనార. చేల గట్లకు గ్లిరిసిడియా కొమ్మలు, ఆకు ఎరువుకు పనికొస్తుంది. యూకలిప్టస్ ఉచితంగా ఇచ్చినా వద్దనండి.

గొర్రెలను ఆపాలా?

మొత్తం గుట్ట మూసేస్తే గొర్రెలవాళ్లు మీకు శత్రువులవుతారు. గుట్టను భాగాలు చేసి, ఒక్కో భాగానికి రెండు మూడేళ్లు విశ్రాంతి ఇచ్చి మిగతావి తెరిచి ఉంచండి, ఏది ముందో వాళ్లనే తేల్చుకోమనండి. నిప్పు విషయంలో మాత్రం రాజీ లేదు. కొత్తగడ్డి వస్తుందని మార్చిలో అగ్గి పెట్టే అలవాటు ఉన్న చోట ఫిబ్రవరిలోపే రెండు మూడు మీటర్ల వెడల్పున గడ్డి కోసి నిప్పుగీతలు చేసుకోవాలి. కోసిన గడ్డి కొట్టం కప్పుకో పశువులకో పోతుంది.

ఆడవాళ్లు వస్తారా?

వస్తారు, మీటింగు సాయంత్రం ఏడింటికి పెట్టకపోతే. బోర్ల కొలతలు ఏళ్ల తరబడి నిలిచిన చోట పుస్తకం ఎక్కువగా పొదుపు సంఘం మహిళల దగ్గరే కనిపిస్తుంది. లెక్కలు రాయడం వాళ్లకు కొత్త కాదు.

అనుమతులు, డబ్బు?

గుట్ట రిజర్వు ఫారెస్టు అయితే అటవీ శాఖ అనుమతి లేకుండా పార కూడా దించొద్దు. పంచాయతీ, రెవెన్యూ భూమి అయితే గ్రామసభ తీర్మానం రాయించుకోండి. మట్టిపనికి పెద్ద దిక్కు ఉపాధి హామీ, అది దేశంలోనే మొదట 2006 ఫిబ్రవరి 2న మొదలైంది మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే. పనిని గ్రామసభ జాబితాలో ముందే చేర్పించాలి, అప్పుడు వాలంటీరు పెట్టిన గుర్తుల మీదే కూలీలు తవ్వుతారు. ఇంతకు ముందు మీ ఊర్లో వాటర్‌షెడ్ పథకం వచ్చి ఉంటే నిర్వహణ కోసం అప్పట్లో ఒక నిధి కూడా పెట్టి ఉంటారు, ఆ ఖాతా సంగతి పాత కమిటీని అడగండి.

మేం హైదరాబాద్‌లో, అమెరికాలో ఉంటాం. ఏం చేయగలం?

డబ్బు పంపి చెక్‌డ్యామ్‌కు నాన్నగారి పేరు పెట్టమనకండి, అంతే. రెండు మూడేళ్లపాటు కొలతల ఖర్చు, శిక్షణ రోజుల భోజనాల ఖర్చు భరించడానికి ఎవరూ ముందుకు రారు, అది మీరు భరించండి. ఊర్లో మీ చేను ఖాళీగా ఉంటే అందులో పాడుబడ్డ బోరును పరిశీలనకు ఇవ్వండి.

ఫలితం ఎన్నాళ్లకు కనిపిస్తుంది?

మంచి వాన పడిన ఏడాది చెక్‌డ్యామ్ పక్క బావుల్లో నెలలోపే. గుట్ట మీద గడ్డి రెండేళ్లకు. ఊరి నీటిమట్టం మారిందా అని చెప్పాలంటే నాలుగైదేళ్ల అంకెలు కావాలి, ఒక తడి ఏడాది చూసి పండగ చేసుకోవద్దు, ఒక కరువేడు చూసి వదిలేయొద్దు.

ప్రాజెక్టు వాళ్లు వెళ్లిపోయాక వాలంటీర్లు మానేస్తారు కదా?

చాలాచోట్ల మానేశారు, ఏపీఫామ్స్ ఊళ్లలోనూ నిధులు ఆగాక కొలతలు తగ్గిన చోట్లు ఉన్నాయి. నిలబడ్డవి ఎందుకు నిలబడ్డాయని చూస్తే నాకు కనిపించేది ఒకటే: ఆ అంకెలు ఎవరికో పంపడానికి కాకుండా ఊర్లోనే వాడుకున్నారు. రబీ ముందు మీటింగు జరిగితే కొలిచేవాడికి పని ఉంటుంది, అందరూ అడుగుతారు కాబట్టి కొలుస్తాడు. మీటింగు ఆగిందంటే పుస్తకం అటకెక్కుతుంది. అందుకే శిక్షణలో కందకాలకు ఒక రోజు ఇస్తే మీటింగు నడపడానికి కూడా ఒక రోజు ఇవ్వండి. ఎవరు ముందు మాట్లాడాలి, గొడవ వస్తే ఎక్కడ ఆపాలి, అంకె తప్పని ఎవరైనా అంటే అందరూ కలిసి పోయి మళ్లీ కొలవడం, ఇవన్నీ ఆడి చూపించాలి. ఒకరి స్థానంలో కొలవడానికి ఇంకొకరిని మొదటి నెల నుంచే తయారు చేయండి, పెళ్లయి వెళ్లిపోతారు, బెంగళూరు పనికి పోతారు, అవి ఆగేవి కావు.

ఈ వారమే మొదలుపెట్టాలంటే ఏం కావాలి?

వానమాని ఒకటి, 30 మీటర్ల టేపు, కట్టడానికి బరువు, మూడు కర్రలు, దారం, ముగ్గుపిండి, గట్టి అట్టున్న పెద్ద నోటుపుస్తకం. బీప్ పరికరం తర్వాత చూసుకోవచ్చు, మొదట్లో నాలుగు ఊళ్లు కలిసి ఒకటి కొనుక్కున్నా సరిపోతుంది. పుస్తకం మొదటి పేజీలో ప్రతి బోరు ఎవరి చేనులో ఉంది, ఎన్ని అడుగుల లోతు, కేసింగ్ (బోరు నోటి దగ్గరి గొట్టం) నేలకు ఎంత పైకి ఉందో రాసి పెట్టండి. కేసింగ్ ఎత్తు తీసేయకుండా రాసిన మట్టాలు తర్వాత ఎవరికీ అర్థం కావు.